పోయినేటి కరువును నేను తుడిచేసిన వైనం

మా కంబదూరు పక్క కరువును తొలగించడానికి చాలామందే ప్రయత్నించారు. చెరువులు తవ్వించారు, భజనలు చేయించారు, కప్పలకు పెళ్ళిళ్ళు కూడా చేశారు. ఎవరివల్లా కాలేదు. నేనొక్కదాన్నే మా చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, నిలవచేసే కొట్టులో ముక్కాలి పీట మీద కూర్చుని, కుడిచేతి చూపుడు వేలితో, పోయినేటి కరువు మొత్తాన్ని తుడిచేశాను. దానికి నన్నెవరూ సన్మానించలేదు. సరికదా, నా కోడలికి ఇంకా రాని ఉద్యోగం, రాకముందే ఊడబోయింది.

ఈ సంగతి మా మనవరాలు చుట్టాలందరికీ తన ఇష్టమొచ్చినట్టు సాగదీసి చెబుతోంది. ఎలాగూ పోయే పరువు కాబట్టి నా చేత్తోనే పోగొట్టుకుందామని రాస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివాను. అంకెలు బాగా వచ్చు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు చూస్తే మాత్రం బెల్లం కుండ మీదికి చీమలు బారు తీరినట్టుంటుంది.

నా పొదుపు గురించి కూడా ముందే చెప్పాలి. అగ్గిపుల్లను రెండుగా చీల్చి వాడతానని పక్కింటి తిప్పన్న ఊరంతా చెప్పేవాడు. అది అబద్ధం. చీల్చి చూశాను, కుదరలేదు, మానేశాను.

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళు అయి ఉంటుంది. మా కోడలు సునంద కళ్యాణదుర్గంలో కంప్యూటర్ చదువు నేర్చుకుంది. దాని అన్న తను వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి ఇస్తే తెచ్చి కొట్టులో పెట్టుకుంది. ఒకపక్క విత్తనం కాయల మూటలు, ఒకపక్క అది. దుమ్ము పడకుండా దాని మీద నా పాత చీర కప్పాను. చూసినవాళ్ళు లోపల ఎవరో ముసుగు తన్ని పడుకున్నారనుకునేవాళ్ళు.

ఒకరోజు బెంగళూరులో ఉండే దాని స్నేహితురాలు కల్పన దగ్గరనుంచి ఒక పొట్లం వచ్చింది. విప్పితే తళతళ మెరిసే బిళ్ళ.

"ఇదేందిమే, గాజుల డబ్బా మూత మాదిరి ఉండాది?" అన్నాను.

"కంప్యూటర్‌ను నడిపే సరుకత్తా. ఇంకా అంగట్లోకి రాలేదు. ముందు మనట్లాంటోళ్ళకు కొంతమందికి ఇచ్చి వాడి చూడమంటారు. తప్పులుంటే రాసి పంపాల."

"అంటే కూరలో ఉప్పు చూసే పని."

"ఆ, అట్లాంటిదే అనుకో."

"ఉప్పు చూసినందుకు ఏమిస్తారు?"

"ఏమీ ఇయ్యరు. ఊరికే వాడుకోనిస్తారు. నూటిరవై దినాలు."

"ఆమీదట?"

"ఆమీదట ఆగిపోతాది."

"ఎవురైనా వచ్చి ఎత్తుకపోతారా?"

"లేదత్తా. దానంతట అదే ఆగిపోతాది. గడువు పెట్టినారు."

నాకు ఆ రోజు సంగటి దిగలేదు. నా పెళ్ళికి పెట్టిన ఇత్తడి బిందె మూడుసార్లు మాటు వేయించుకుని ఇప్పటికీ నీళ్ళు మోస్తోంది. మా ఎద్దు ఒంటికన్నుతో తొమ్మిదేళ్ళు దున్నింది. బాగున్న వస్తువు, ఒంట్లో ఏ జబ్బూ లేనిది, రోజులు లెక్కపెట్టుకుని చచ్చిపోవడం నేనెక్కడా వినలేదు. ఊరికే వచ్చిందని సంతోషించాలో, ఊరికే పోతుందని ఏడవాలో తెలియలేదు.

అయినా సునంద దాన్ని ఎక్కించుకుంది. ప్రోగ్రాములు రాసే కొత్త పనిముట్టు కూడా ఆ బిళ్ళలోనే ఉందట. పాతదాంట్లో అది నడవదట. తప్పులు రాయడానికి ఒక నోటు పుస్తకం పెట్టింది. నేను కూడా సాయం చేశాను.

"తెర మీద ఆ కొండేందిమే అంత పచ్చగా ఉండాది?"

"అది బొమ్మత్తా. అందానికి పెట్టినారు."

"కొండ యాడన్నా పచ్చగా ఉంటాదా? తప్పు. రాయి."

సునంద నవ్వింది గానీ రాయలేదు. ఏ పని చెప్పినా ఈ కంప్యూటర్ "నిజంగానా? ఖాయమేనా?" అని రెండుసార్లు అడుగుతుందని, పెళ్ళిచూపులకొచ్చిన వియ్యంకుడికి ఉండాల్సిన బుద్ధి యంత్రానికి ఎందుకని కూడా చెప్పాను. అదీ రాయలేదు. నా మాట అప్పుడే పట్టించుకుని ఉంటే తర్వాత అంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ అంటాను. ఎవరూ ఒప్పుకోరు.

ఇక అసలు సంగతి. కళ్యాణదుర్గంలో రైతుల కోసం పనిచేసే చిన్న సంస్థ ఒకటి ఉండేది. అందులో మేరీ సుగుణ మేడం అని ఒకామె ఊరూరా వాన కొలిచే డబ్బాలు పెట్టించేది. మా ఊరి డబ్బా మా పెరట్లోనే పెట్టారు. ఏ రోజు ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో రాసుకోవడానికి సునంద ఆ కొత్త పనిముట్టుతో ఒక ప్రోగ్రాం రాసింది. పేరు వానపుస్తకం. మేడం చూసి, "వానకాలమంతా రాసి చూపించమ్మా. సరిగ్గా వస్తే అన్ని ఊర్లకూ ఇదే పెడదాం. ఆ పని చూసుకునే ఉద్యోగం నీకే," అంది.

మా ఇంట్లో అప్పటిదాకా వానను నమ్ముకున్నవాళ్ళే గానీ వానవల్ల ఉద్యోగం వచ్చినవాళ్ళు లేరు. సునంద కళ్ళలో వెలుగు చూసి నేను కూడా లోపల మురిసిపోయాను. పైకి మాత్రం "దీపం చిన్నది చెయ్, నూనె ఊరికే రాలేదు" అన్నాను.

అయితే సునందకు అప్పటికి ఏడో నెల. కాన్పుకు పుట్టిల్లు తనకల్లుకు పోవాలి. వచ్చేసరికి కార్తీకం. మా వాడు లారీ మీద పోతే పదిరోజులకు గానీ ఇల్లు చూడడు. మరి వానపుస్తకం ఎవరు రాయాలి?

"నేను రాస్తా. అంకెలేగా," అన్నాను.

కోడలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. పొద్దున్నే డబ్బాలో నీళ్ళు గీతల గాజు గొట్టంలోకి పోయాలి. గీత చూడాలి. ఆ అంకె కొట్టాలి. పెద్ద మీట నొక్కాలి.

"తేదీ?" అన్నాను.

"తేదీ కొట్టే పని నీకు పెట్టలేదత్తా. గడియారం చూసి అదే రాసుకుంటాది."

ఎంత మంచి కోడలో చూశారా. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

ఆ గడియారానికి ఒక జబ్బుంది. లోపల ఉండే బిళ్ళ సెల్లు అరిగిపోయి, కరెంటు ఎక్కువసేపు పోతే తేదీ ఎటో కొట్టుకుపోయేది. మా ఊర్లో కరెంటు ఎక్కువసేపు ఉండటమే వింత. కొత్త సెల్లు వేయిద్దామని సునంద అన్నప్పుడు, "తేదీ మనం దిద్దుకుంటే పోయేదానికి సెల్లెందుకు, దండగ" అన్నది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. అందుకని గోడ మీది క్యాలెండర్ చూసి తేదీ దిద్దడం కూడా నాకు నేర్పి, గడువు తీరి ఆగిపోతే ఆపైన వానలు కాగితం మీద రాయమని చెప్పి, బస్సెక్కింది.

మృగశిర కార్తె నుంచి పుబ్బ దాకా నా అంత బుద్ధిమంతురాలు మండలంలో లేదు. వారానికోసారి తిప్పన్న ఇంటికి ఫోన్ వచ్చేది. ఊర్లో ఫోన్ వాళ్ళ ఇంట్లోనే ఉండేది.

"అత్తా, రాస్తాండావా?"

"రాస్తాండా. నువ్వు తింటాండావా?"

"తింటాండా. తేదీ చూసుకుంటాండావా?"

"చూసుకుంటాండా. పెట్టెయ్, వాళ్ళకు బిల్లు."

"అక్కా, ఫోన్ చేసినోళ్ళకే బిల్లు. మాకు కాదు," అనేవాడు తిప్పన్న పక్కనుంచి.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. అదే సమయానికి కంప్యూటర్ తెర మూలలో ఒక అంకె కూడా పుట్టింది. ముందు ముప్పై. మర్నాడు ఇరవై తొమ్మిది. మర్నాడు ఇరవై ఎనిమిది. ఇంగ్లీషు రాకపోయినా నాకు అర్థమైంది. అది గడువు. మంచాన పడ్డ మనిషి పక్కన కూర్చున్నట్టు నేను రోజూ దాన్ని చూస్తూ ఉండేదాన్ని. పదిహేను. పన్నెండు. పది.

ఉత్తర కార్తె మొదలైన మూడోనాడు అంకె తొమ్మిదికి వచ్చింది. ముందురోజంతా కరెంటు లేదు. తేదీ దిద్దుతుంటే వేలు జారి సంవత్సరం ఒకటి తగ్గింది. మూలన ఉన్న తొమ్మిది మాయమై, దాని చోట మూడు వందల డెబ్బై నాలుగు వచ్చి కూర్చుంది.

నేను మళ్ళీ చూశాను. మూడు. ఏడు. నాలుగు.

అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. తొమ్మిది రోజుల్లో పోయే ప్రాణానికి వేలు కొనతో ఏడాది ఆయుష్షు వస్తే మీరు వద్దంటారా? సావిత్రి మొగుడి కోసం యముడి వెంట ఎంత దూరం నడిచింది. నేను పీట మీదినుంచి లేవను కూడా లేదు.

తేదీ తప్పని నాకు తెలియదా అంటే, తెలుసు. కానీ ఆ మూలన ఉన్న తేదీకి ఏదో పని ఉందని మాత్రం నా బుర్రకు తట్టలేదు. మా ఇళ్ళలో తేదీ ఎవరికి కావాలి? విత్తేది మృగశిర చూసి, కలుపు తీసేది పుష్యమి చూసి, కాయ పీకేది హస్త చూసి. క్యాలెండర్ అనేది చాకలి పద్దు రాయడానికీ, నెల దాటాక పోపు గింజలు పొట్లం కట్టడానికీ. చీరకు అంచు ఎట్లాగో ఈ యంత్రానికి తేదీ అట్లా, అందానికి వేశారనుకున్నాను. పచ్చని కొండ పెట్టినవాళ్ళు తేదీ పెట్టరా?

ఆ తర్వాత నాకు పట్టపగ్గాలు లేవు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నాకు తోచిన తేదీ పెట్టాను. ఒక ఏడాదికే ఇంత లాభమైతే రెండేళ్ళకు ఎంతో చూద్దామని రెండేళ్ళు వెనక్కి పోయాను. ఒకసారి నెల కూడా తిప్పి మార్చిలో ఆపాను. మూలన అంకె పెద్దదిగా ఉంటే చాలు. గాదెలో గింజలు పెరిగినట్టు చూసుకుని మురిసిపోయేదాన్ని. ఆ ఏడు దేవుడు కూడా కనికరించాడు. ఉత్తర, హస్త, చిత్త వరుసగా కురిశాయి. నేను ఒక్క రోజు మానకుండా కొట్టాను.

కాలం కలిసిరాకపోతే కర్రే పామై కరుస్తుందంటారు. కాలాన్ని మనమే వెనక్కి తిప్పితే ఎలుకే పాము అవుతుంది. కంప్యూటర్ పక్కన తోకతో ఉండే ఆ ఎలుకే.

కార్తీకంలో సునంద మూడు నెలల పిల్లతో వచ్చింది. మర్నాడే మేరీ సుగుణ మేడం వచ్చింది. ఎవరింటికి ఎవరొచ్చినా తిప్పన్న వస్తాడు కాబట్టి అతనూ వచ్చాడు. నేను అందరికీ చెనిక్కాయలు వేయించి పెట్టాను. గుప్పెడే.

మేడం కుర్చీలో కూర్చుని తెర చూసింది. "చక్కగా రాసినావమ్మా ప్రోగ్రాం," అంది. నేను పిల్లను ఒళ్ళో వేసుకుని, ఆ పొగడ్తలో నా వాటా ఎంతో లెక్క వేసుకుంటున్నాను.

"అయినా సునందా, సెప్టెంబరు నడిమి నుంచి మీ ఊర్లో చినుకే పడలేదా?"

"పడినాది మేడం. అత్త చెప్తానే ఉండె ఫోన్లో."

"దీంట్లో లేదే."

"చినుకేంది మేడం?" అన్నాడు తిప్పన్న. "ఉత్తరలో మా పెరటి గోడ కూలిపోయినాది."

మేడం కిందికి జరుపుకుంటూ పోయింది. "పోయినేడు మాత్రం బాగా పడినట్టుండాదే. ఒక్క దినమే డెబ్బై ఒకటి."

తిప్పన్న నోట్లో గింజ నమలడం ఆపేశాడు. "పోయినేడా? పోయినేడు నా చేన్లో చెట్టు పీకితే కాయ రాలేదు, దుమ్ము వచ్చినాది. డెబ్బై ఒకటి యాడ పడినాది మేడం, మీ ఆఫీసు మీదనా?"

"ఆ ముందేడు కూడా ఉండాది. మార్చిలో ముప్పై."

"మార్చిలో మాకు ట్యాంకరు వచ్చినాది మేడం. వాన రాలేదు." తిప్పన్న గొంతు తగ్గింది. "ఈ కాయితం పైకి పోతే మమ్మల్ని ఇంక కరువు ఊర్ల పట్టీలో ఉంచుతారా?"

"అదే నేనూ చూస్తాండా," అంది మేడం.

తిప్పన్న నా వైపు తిరిగాడు. "ఓబుళక్కా, పోయినేడు వాన పడితే ఎవురికీ చెప్పకుండా దాచిపెట్టింటివా? నువ్వు దాచినా దాస్తావు. ముందేడు తెచ్చిన బెల్లం ఇంకా నీ ఉట్టి మీదనే ఉండాదంట."

"నా బెల్లం సంగతి నీకెందుకప్పా?"

సునంద తెర మూలకు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"అత్తా, ఈ తేదీ ఎవరు మార్చినారు?"

"కరెంటు."

"కరెంటు పోతే తేదీ పోతాది. మూలన ఈ ఐదు వందల చిల్లర దినాలు ఎట్లొచ్చినాయి?"

నేను పిల్ల జుట్టు సవరించాను. సవరించడానికి దానికి అంత జుట్టు లేదు.

"నేనే మార్చినా," అన్నాను చివరికి. "తొమ్మిది దినాల్లో చచ్చిపోతాదంటే చూస్తా ఊరుకోవాల్నా? సంవత్సరం వెనక్కి తిప్పితే బతికినాది. మంచిదే కదా అని తిప్పినా."

"ఒక ఏడాదే తిప్పినావా? అట్లయితే నేను మళ్ళా ఒకటి కలిపేస్తా."

"ఒకసారి ఒకటి. ఒకసారి రెండు. ఒకసారి ఎంతో గుర్తులేదు."

మేడం అద్దాలు తీసి తుడుచుకుంది. "సునందా, నీ మీద నాకేమీ కోపం లేదు. అయినా తేదీ నమ్మేకి లేకపోతే వాన ఎంత కొలిస్తే ఏం లాభం చెప్పు. ఇంకో ఊర్లో ఇంకొకరిని చూసుకుంటా," అని సంచీ సర్దుకోసాగింది.

సునంద నన్ను తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. "తప్పు నాదే మేడం. తేదీ మనిషిని అడిగేటట్టు రాయాల్సింది. అత్తకు పని తగ్గిద్దామని గడియారానికి వదిలేసినా," అంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా సీమలో తొక్కుదామన్నా అడుసు దొరకదు. దొరక్క దొరక్క కంప్యూటర్‌లో దొరికితే నేను తొక్కాను, కాలు మాత్రం కోడలు కడుగుతోంది. పిల్లను తిప్పన్న చేతిలో పెట్టి లేచాను.

"కూర్చో మేడం. ఏ వాన ఎప్పుడు పడినాదో నేను చెప్తా."

"తేదీలు గుర్తుండాయా అమ్మా?"

"తేదీలు ఎందుకు? కార్తెలు చెప్తా. అంకె చదువు."

మేడం నమ్మకం లేకుండానే మళ్ళీ కూర్చుంది. "డెబ్బై ఒకటి."

"ఉత్తర నాలుగోనాడు. తిప్పన్న గోడ కూలిన దినం."

"నిజమే," అన్నాడు తిప్పన్న. "ఓబుళక్క పొద్దున్నే వచ్చి చూసి, రాళ్ళు మళ్ళా పనికొస్తాయిలే అనింది. ఇంకే ఓదార్పూ లేదు."

"ముప్పై."

"హస్త నడిమిట్ల. తిప్పన్న కోడలు అలిగి పుట్టింటికి బయల్దేరి, వంక పారుతాంటే దాటలేక వెనక్కొచ్చిన దినం."

"అది మాత్రం కంప్యూటర్లో రాయొద్దండి మేడం," అన్నాడు తిప్పన్న.

"పద్దెనిమిది."

"చిత్త మొదటి దినం. నేను ఆరబోసిన సజ్జలు తడిసినాయి. నాలుగు శేర్లు."

"నాలుగు."

"సజ్జలా?"

"వాన అమ్మా. నాలుగు మిల్లీమీటర్లు."

"అది స్వాతిలో. అసలు వానే కాదు, మంచు మాదిరి జల్లు. డబ్బాలో పడినాది, పారబోసేకి మనసు రాక రాసినా."

సునంద మేకుకు వేలాడుతున్న పంచాంగం తీసి కార్తెకు తేదీ చూసి చెబుతుంటే, మేడం తన కాగితం మీద రాసుకుంది. మొత్తం పదకొండు వానలు. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. పదకొండోది అయ్యేసరికి మేడం నవ్వుతోంది. తిప్పన్న ఒళ్ళో పిల్ల నిద్రపోయింది.

"సునందా, తేదీ పక్కన కార్తె అని ఒక గడి పెట్టు," అంది మేడం. "మనిషి కార్తె చెప్పాల, గడియారం తేదీ చెప్పాల. రెండూ కలిస్తేనే రాసుకోవాల. ఆ మార్పు చేసి వచ్చే సోమవారం ఆఫీసుకు రా. పనిలో చేరుదువు. ఇంకోమాట. ఆ సెల్లు కొత్తది వేయించు. ఈ ఒక్క ఖర్చుకు మీ అత్తను అడగొద్దు."

మేడం వెళ్ళాక సునంద తప్పు అంకెలు ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చుంది. పోయినేటి డెబ్బై ఒకటి దగ్గరికి వచ్చేసరికి తిప్పన్న, "ఒక నిమిషం ఉండమ్మా," అన్నాడు. తెర మీది ఆ అంకె మీద వేలు పెట్టాడు. "పోయినేడు ఆ దినం ఇది పడింటే నా చెనిక్కాయ నిలబడేది."

సునంద దాన్ని తీసెయ్యమంది. "నిజంగానా? ఖాయమేనా?" అని కంప్యూటర్ అలవాటుగా రెండుసార్లు అడిగింది. ఆ ఒక్కసారికి అది అడగడమే సరి అనిపించింది. సునంద మీట నొక్కింది. కరువు మళ్ళీ దాని చోటికి వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రమే సునంద తప్పుల పుస్తకం తీసి బెంగళూరుకు పంపాల్సిన చివరి తప్పు రాసింది. చదివి వినిపించింది కూడా: "గడియారం వెనక్కి తిప్పితే గడువు పెరుగుతోంది. కనిపెట్టినవారు మా అత్త ఓబుళమ్మ, మూడో తరగతి."

కొన్ని నెలలకు కల్పన ఇంకో పరీక్ష బిళ్ళ పంపింది. సునంద ఆఫీసుకు పోయినప్పుడు, ఊరికే చూద్దామని, కేవలం చూద్దామనే, సంవత్సరం ఒకటి తగ్గించాను. తెర మొత్తం నిలిచిపోయింది. ఎర్రటి గుర్తుతో రెండు వరుసల ఇంగ్లీషు చీమలు. సునంద వచ్చి చదివింది: "తేదీ వెనక్కి తిప్పబడింది. సరిచేస్తే గానీ ముందుకు పోదు."

నేను ఆ ఎర్ర గుర్తును చాలాసేపు చూశాను. ఎక్కడో మేడల్లో కూర్చున్నవాళ్ళు, నా ముఖం కూడా చూడనివాళ్ళు, నా ఒక్కదాని కోసం తాళం చేయించారు. పచ్చని కొండను మాత్రం అలాగే ఉంచారు.

కాబట్టి పెద్దల ముందు ప్రమాణం చేస్తున్నాను. మా సీమలో మబ్బు మీద ఒట్టేస్తే ఎవరూ నమ్మరు గనుక విత్తనం కాయల మూట మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. నా జన్మలో ఇంక ఏ గడియారాన్నీ వెనక్కి తిప్పను. ఏ గడువునూ సాగదీయను. చచ్చే కంప్యూటర్ కళ్ళ ముందు చస్తున్నా తులసి నీళ్ళు పోస్తానే గానీ తేదీ ముట్టుకోను.

ఒకవేళ ఈయేటి వానను నిజంగానే పోయినేటికి పంపే బిళ్ళ ఏదైనా పరీక్షకు వస్తే మాత్రం, ముందు మా ఇంటికే పంపండి. ఉప్పు నేను చూస్తాను. తప్పులుంటే రాసి పంపుతాను.